నోలీన్ కాటా

నోలీన్ మనుషుల్ని కొడుతుంది. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. పుకెమారా లోయలో ఎవర్ని కదిపినా ఆవిడ గురించి మొదట చెప్పేది ఇదే. అరవై రెండేళ్ళ మనిషి. ఒళ్ళంతా ఎండిపోయి ఎముకలు తేలి ఉంటాయి గానీ చేతులు మాత్రం కసాయివాడి చేతులు. నా పేరు రువా. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ షెడ్డులో పానాలు పడుతున్నాను. నాకు పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నోలీన్ పద్దెనిమిదో ఏట గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాతో తిరగడం మొదలుపెట్టింది. ఆ షెడ్లలో సాయంత్రమయ్యేసరికి అందరి ఒళ్ళూ హూనమైపోయి ఉంటాయి, చిన్న మాటకే కొట్టుకుచస్తారు. ఉన్నిని బేళ్ళుగా నొక్కేవాడొకడు ఆవిడ నడుం మీద చెయ్యి వేశాడు. బేళ్ళు లాగే కొక్కెం తిరగేసి వాడి ముక్కు పగలగొట్టింది. ఆ రక్తం తెల్లటి ఉన్ని మీద పడిందని ఇంకోటి తగిలించింది. మొదటి దెబ్బ నడుం కోసం, రెండోది ఉన్ని కోసం అని ఇప్పటికీ విడమరిచి చెప్తుంది. ఆ మనిషి తర్వాత ఆవిడకి మంచి స్నేహితుడయ్యాడు. మా లోయలో స్నేహాలు చాలామటుకు ఇలాగే మొదలవుతాయి.

తండ్రి పోయాక ఆయన పాత ఉన్ని షెడ్డు ఈవిడ వాటాకి వచ్చింది. అందులోనే నాలుగు చక్రాల బైకులు బాగుచేయడం, పాతవి కొని అమ్మడం మొదలుపెట్టింది. మా కొండల్లో ఆ బండి లేని గడప లేదు. గొర్రెల్ని తోలాలన్నా, కంచె గుంజలు మోయాలన్నా, చచ్చిన గొర్రెని లాక్కురావాలన్నా, పొరుగువాడితో తగవుకి వెళ్ళాలన్నా దాని మీదే. పిల్లలకి కాళ్ళు కాస్త అందడం మొదలవగానే ఇంట్లో ఆ మాట లేస్తుంది. శరదృతువులో, అంటే భూమికి దక్షిణాన ఉన్న మాకు మార్చిలో, కొండల మీది మందని కిందికి దింపే రోజు పొద్దున్నే, పిల్లాడైనా పిల్లైనా వాళ్ళ రబ్బరు బూటులో బండి తాళంచెవి వేసి గుమ్మంలో పెడతారు. కాలు దూర్చితే వేళ్ళకి తాళం తగులుతుంది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల మందలో మనిషి. నాకూ అలాగే తగిలింది. ఆ చల్లటి ఇనుము ఇప్పటికీ బొటనవేలికి గుర్తుంది.

చిక్కేమిటంటే, మేం రబ్బరు బూట్లు ఎప్పుడూ రెండు సైజులు పెద్దవే కొంటాం, పిల్ల పెరుగుతుంది కదా అని. ముందు కాస్త గుడ్డ కుక్కితే సరిపోతుంది. బండి విషయంలోనూ అదే తెలివి. తాత బండో, నాన్న బండో, మూడు వందల కేజీల ఇనుము, పిల్లకి ఇచ్చేస్తాం. పెరుగుతుందిలే అంటాం. ఈ తెలివి చూస్తే మాత్రం నోలీన్‌కి కోపంతో ఒళ్ళు తెలియదు.

షెడ్డులో గుమ్మం పక్కనే ఉన్ని బేళ్ళు తూచే పాత కాటా ఉంది. చెక్క పలక, పైన జరిపే ఇనుప గుండు. అక్కడ ఉన్ని తూచి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు దాని మీద పిల్లలు నిలబడతారు. పిల్లకి మొదటి బండి కావాలని ఎవరొచ్చినా నోలీన్ బండి చూపించదు. ముందు పిల్లని చూపించమంటుంది.

పోయిన ఏడు రడక్ అనే మనిషి తొమ్మిదేళ్ళ కూతురితో వచ్చాడు. గుమ్మంలో ఉన్న పెద్ద ఆకుపచ్చ బండి సీటు తడుముతూ, "ఇది బావుంది నోలీన్. ఇదే ఇచ్చెయ్," అన్నాడు.

"బూట్లు విప్పి ఆ పలకెక్కు తల్లీ," అంది నోలీన్ అతని మొహం కూడా చూడకుండా. గుండు జరిపింది. "ఇరవై ఏడు. ఆ బండి రెండు వందల డెబ్భై. నీ కూతుర్లాంటి వాళ్ళు పదిమంది కూచుంటే ఒక బండి. వాలు మీద అది పక్కకి ఒరిగిందనుకో, ఈ పిల్ల రెండోపక్కకి వాలితే దానికి చీమ వాలినట్టు కూడా ఉండదు. పైన మనిషుందని బండికి తెలియాలయ్యా."

"పెరుగుతుందిగా. రెండేళ్ళాగితే అదే సరిపోతుంది."

"ఈ రెండేళ్ళూ ఎక్కడ పెరగమంటావు, గోతిలోనా?"

రడక్ నవ్వాడు. అక్కడే తప్పు చేశాడు. టైరు ఊడదీసే ఇనుప లివరు అతని మోకాలి కింద ఎముక మీద పడిన చప్పుడు నాకు లోపల పెట్రోలు ట్యాంకు దగ్గరకి వినిపించింది. అతను కుంటుకుంటూ బూతులు తిడుతుంటే ఆవిడ ఏమీ జరగనట్టు ఒక చిన్న పసుపు బండి బయటికి తోసి పిల్లని ఎక్కించింది.

"నిలబడు. పాదాలు మొత్తం ఆనాయా? వేళ్ళ మీద నిలబడకు, నాకు తెలుస్తుంది. సీటుకీ నీకూ మధ్య నా అరచెయ్యి దూరాలి. ఊఁ, దూరింది. ఇప్పుడు హ్యాండిలు ఈ చివరికంటా తిప్పు. దూరంగా పోయిన చెయ్యి జారిందా? లేదు కదా. అరచెయ్యి ఎత్తకుండా బ్రేకు పట్టుకో. గట్టిగా. ఇంకా గట్టిగా. నన్ను కొడుతున్నాననుకో."

పిల్ల పకపకా నవ్వి పట్టుకుంది. గేర్లు లేని బండి అది. యాక్సిలరేటర్ కింద ఒక మర ఉంటుంది. దాన్ని బిగించి, బండి మనిషి పరుగు కంటే వేగంగా పోకుండా చేసింది నోలీన్. పిల్ల పడిపోతే ఇంజను దానంతటదే ఆగిపోయేలా ఎర్ర తాడు మణికట్టుకి కట్టింది. "చదును నేల. తలకి హెల్మెట్. వెనక ఎవర్నీ ఎక్కించుకోకు. మీ నాన్న ఆ మర వదులు చేస్తే నాకొచ్చి చెప్పు, రెండో కాలు కూడా చూస్తాను." రడక్ ఆ బండే కొన్నాడు. కుంటుకుంటూనే ట్రక్కులో ఎక్కించుకుని వెళ్ళాడు.

ఇంత పట్టుదల ఎక్కణ్ణించి వచ్చిందో లోయలో అందరికీ తెలుసు, తెలుసనుకున్నాం. నోలీన్ చెల్లెలు లోర్నా పన్నెండో ఏట బండి కింద పడి చచ్చిపోయింది. అప్పటికి నేనింకా పసివాణ్ణి. మేం విన్నది ఇదీ: బండి అన్న గార్త్‌ది, సరికొత్తది. కొండ మీద కంచె వేసేవాళ్ళకి టీ పట్టుకెళ్ళాల్సిన వంతు అతనిది. అతను బద్ధకించి చెల్లిని పంపాడు. ఆ పిల్ల ఒళ్ళు తెలియని వేగంతో నడిపింది. తండ్రి ఎరిక్ సంతనుంచి వచ్చి, కూతురి శవం చూసి, కంచె గుంజ తీసుకుని కొడుకుని వాకిట్లో పడేసి కొట్టాడు. పదిమంది పట్టుకుంటే గానీ ఆగలేదు. గార్త్‌కి మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెవికి వినికిడి జీవితాంతం పోయింది. తనకేం తెలియదని, తను పంపలేదని అతను అరిచాడట. చెవి పోయేదాకా అరిచాడట.

ఆ గార్త్ మొన్న మార్చిలో షెడ్డుకి వచ్చాడు. మంద దింపడం మర్నాడనగా, పొద్దున పదింటికి. నేను టీ పోస్తున్నాను. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే లోయలో ఉంటారన్న మాటే గానీ ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. అతన్ని బ్రేకు బాగుచేయించుకోవాల్సిన అవసరం తెచ్చింది. పక్కన మనవరాలు మైరి. పదకొండేళ్ళు, చేత్తో ఎత్తితే గాల్లో ఉంటుంది. కొడుకు వారమంతా గొర్రెల్ని కోసే ఫ్యాక్టరీలో ఉంటాడు గనక పిల్ల తాత దగ్గరే పెరుగుతోంది. రెండు సైజులు పెద్ద బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చింది.

"బామ్మా, రేపు నా బూట్లో ఏముంటుందో చెప్పుకో," అంది గుసగుసగా.

నోలీన్ అప్పటికే గార్త్ ట్రక్కు మీంచి దింపుతున్న బండికేసి చూస్తోంది. అతని సొంత ఎర్ర బండి. నేను బ్రేకు రేకులు మార్చేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

"ఈ బండి తాళమా పిల్లకి?" అంది చివరికి.

"ఈ బండిదే. నాకు తెలుసే నువ్వేమంటావో. బరువు చాలదంటావు. నేనూ ఆలోచించాను, నాకూ బుర్ర ఉంది." గార్త్ ట్రక్కులోంచి రెండు ఉప్పు బస్తాలు దింపి బండి ముందు క్యారియర్ మీద పక్కపక్కన పెట్టాడు. తాడు వేసి బిగిస్తూ, "ఈ పిల్ల ముప్పై కేజీలుంటుంది. ఇవి పాతికా పాతికా, యాభై. మొత్తం ఎనభై. పెద్ద మనిషి కూచున్నట్టే. ట్రాక్టరు ముందు బరువులు కట్టమూ? ఇదీ అంతే. ఎలా ఉంది?" అన్నాడు గొప్పగా.

నాకూ అది బాగానే ఉన్నట్టనిపించింది, అబద్ధమెందుకు. మేమంతా ట్రాక్టర్లకి బరువులు కట్టి పెరిగినవాళ్ళం. నోలీన్ మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

"విప్పు," అంది.

"పోవే."

"అన్నా, విప్పు. తాడు విప్పు!"

"ఎందుకు విప్పాలి? నీ మనవరాలా, నా మనవరాలా? మైరీ, ఎక్కు. చూపిద్దాం బామ్మకి. ఆ వెనక గట్టెక్కి దిగిరా."

మైరి ఎక్కి ఇంజను వేసింది. నోలీన్ బల్ల మీది పెద్ద పానా అందుకుంది. మొదటి దెబ్బకి బండి ముందు దీపం పగిలింది. రెండో దెబ్బ తాడు మీద పడింది గానీ అది తెగలేదు. మూడోది ఎత్తేలోపు గార్త్ ఆవిడ జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆవిడ తిరిగి పానా చివరతో అతని పొట్టలో పొడిచింది. ఇద్దరూ నూనె మరకల్లో పడి దొర్లారు. అరవై దాటిన అన్నాచెల్లెళ్ళు, ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, పిల్లల్లా కొరుక్కుంటూ. నేను విడదీద్దామని మధ్యలోకి దూరాను. నోలీన్ మోచెయ్యి నా నోట్లోకి వచ్చింది. ఆ పన్ను ఇదే. నోటి నిండా రక్తంతో నేను కూలబడేసరికి గార్త్ గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు.

"కారణం చెప్పవే పిచ్చిదానా! ఒక్క కారణం చెప్పు. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ నువ్వే అమ్మవి. నా పిల్ల జోలికి రాకు."

నోలీన్ లేచింది. పానా కింద పడేసింది. అతని పక్కకి వెళ్ళి, గోడకేసి చూస్తూ, పెదాలు కదిలీ కదలనట్టు ఏదో చెప్పింది. నాకు వినిపించింది. గార్త్‌కి వినిపించలేదు. ఆవిడ నిలబడింది అతని ఎడమ వైపు.

"ఏంటి?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. తర్వాత అతని ముందు నుంచి నడిచి కుడి వైపుకి వచ్చింది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"లోర్నాని పంపింది నేను. నువ్వు కాదు. బస్తాలు కట్టింది కూడా నేనే."

"ఏ బస్తాలు?"

"సూపర్ ఫాస్ఫేట్ ఎరువు. రెండు బస్తాలు. తను తేలిగ్గా ఉందని ముందు కట్టాను. ట్రాక్టరు చూసే నేర్చుకున్నాను. మొదటి గట్టు బాగానే ఎక్కింది అన్నా, నేను కింద నిలబడి చూసి చప్పట్లు కొట్టాను. ఆ గట్టు పక్కనుంచి పల్లంలోకి దిగేటప్పుడు మలుపు తిరిగింది. ఆ బరువు ముందుకి లాగింది. పిల్ల వెనక్కి వాలింది, పాపం, ఉన్నదంతా వాలింది. బండికి తెలియనే లేదు, బోల్తా కొట్టింది. నేను వెళ్ళేసరికి హ్యాండిలు దాని గొంతు మీదుంది. టీ డబ్బా పక్కనే, ఇంకా పొగలు కక్కుతోంది. నేను ముందు బండి ఎత్తలేదు. ముందు తాళ్ళు కోశాను. నాన్న చూస్తాడని. బస్తాలు చించి ఎరువంతా గడ్డిలో కుమ్మరించి, సంచులు చొక్కాలో దోపుకున్నాను. ఆ తర్వాతే బండి లేపాను."

ఇంజను ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. మైరి సీటు మీద కదలకుండా కూచుని వింటోంది.

గార్త్ మెల్లిగా, "ఆ పచ్చగడ్డి," అన్నాడు.

మా లోయలో అది తెలియనివాళ్ళు లేరు. లోర్నా పోయిన చోట మరుసటి వసంతంలో చాపంత మేర చిక్కటి పచ్చ గడ్డి లేచింది. కొండంతా ఎండిన రోజుల్లోనూ అది పచ్చగానే ఉండేది. తన బిడ్డ రక్తంతో మొలిచిందన్నాడు ఎరిక్. చుట్టూ కంచె వేసి, చచ్చేదాకా ఒక్క గొర్రెని అందులో మూతి పెట్టనివ్వలేదు. రోజూ సాయంత్రం టోపీ తీసి అక్కడ నిలబడేవాడు. ఆయన పోయాక ఆ కంచె గుంజలు మారుస్తున్నది గార్త్.

"నాన్న అక్కడ మోకాళ్ళ మీద కూచునేవాడు," అన్నాడు గార్త్. "ఎరువు ముందా నోలీన్? ఎరువు ముందా ఆయన ఏడ్చింది?"

"అవును."

"నన్ను గుంజతో కొడుతుంటే నువ్వు గుమ్మంలో ఉన్నావు."

"ఉన్నాను. చూశాను."

కొట్టాడు. పిడికిలితో, మొహం మీద. ఆవిడ తల పక్కకి తిరిగింది, మళ్ళీ ముందుకి తెచ్చి పెట్టింది. రెండోసారి కొట్టాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. చొక్కా పట్టుకుని కాటా స్తంభానికి అదిమి కొట్టాడు, ఇనుప గుండు గడగడలాడింది. ఇరవయ్యేళ్ళలో ఎంతమందిని కొట్టగా చూశానో ఆ చేతులు, రెండూ పక్కన వేలాడుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి కూడా లేవలేదు. ఆవిడ తిరగబడితే బావుండునని నేను గట్టిగా కోరుకున్నాను. అడ్డం వెళ్ళనందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

"తాతా!"

మైరి బండి దిగింది. దిగుతుంటే పెద్ద బూటు ఒకటి పెడల్లో ఇరుక్కుని ఉండిపోయింది. రెండోది తనే విదిలించేసింది. చిల్లు మేజోళ్ళతో వచ్చి ఇద్దరి పక్క నుంచీ దూరి కాటా పలక ఎక్కి నిలబడింది.

"తూయి తాతా," అంది.

ఎత్తిన పిడికిలి అలాగే గాల్లో ఉంది. కాసేపటికి అది విడిపోయింది. అదే చెయ్యి, వేళ్ళ కణుపుల మీద చెల్లెలి రక్తంతో, ఇనుప గుండు జరపడం మొదలుపెట్టింది. గుండు రెండుసార్లు దాటిపోయి వెనక్కి వచ్చింది.

"ముప్పై ఒకటి," అన్నాడు. తర్వాత నోలీన్‌కేసి చూడకుండా అడిగాడు. "లోర్నా?"

"ఇరవై తొమ్మిది." నోలీన్ నోట్లో రక్తం మింగింది. "దీని మీదే తూచాను. ఇదే పలక మీద నిలబెట్టి. ఇంకెంత కట్టాలో లెక్క చూసుకోవడానికి."

గార్త్ జేబులోంచి గొర్రెల కత్తి తీశాడు. అతను వెళ్ళి క్యారియర్ మీది తాడు కోశాడు. ఉప్పు బస్తాలు ఒకటొకటిగా నేల మీద పడ్డాయి.

నోలీన్ గుడ్డతో కన్ను నొక్కిపట్టి, మూలనుంచి నీలం రంగు చిన్న బండి తోసుకొచ్చింది. ఒక కన్నుతోనే పిల్లని నిలబెట్టి చూసింది, హ్యాండిలు తిప్పించింది, బ్రేకు నొక్కించింది. సీటుకీ పిల్లకీ మధ్య చెయ్యి దూర్చేటప్పుడు మాత్రం ఆగి, నన్ను పిలిచింది. "ఒరే రువా, నువ్వు చూడరా. నాకు సరిగా కనబడట్లేదు." నేను చూశాను. అరచెయ్యి దూరింది. ఎర్ర తాడు గార్త్ కట్టాడు.

మర్నాడు మంద దిగినప్పుడు మైరి లోయ అడుగున చదును మీద గేట్లు తీసింది, వేసింది. కొండ మీదికి గార్త్ నడిచే వెళ్ళాడు, కుక్కలతో. ఆ గడ్డి దగ్గర కంచె ఊడపీకుతాడేమో అనుకున్నాను. పీకలేదు. గొర్రెలు దాని చుట్టూ తిరిగి దిగాయి.

ఆ తర్వాత నోలీన్ మారిపోయిందని చెప్తే అబద్ధం. పై వారమే ఒక గొర్రెల దళారీ చెంప పగిలింది. మారింది గార్తే అనుకుంటాను. వాళ్ళిద్దరూ ఇప్పటికీ పెద్దగా మాట్లాడుకోరు. శనివారాలు మాత్రం గార్త్ వచ్చి కాటా దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూచుంటాడు. గుండు అతనే జరుపుతాడు. బరువు చెప్పగానే తండ్రులు మొదలుపెడతారు, పెరుగుతుందిగా, రెండేళ్ళలో సరిపోతుందిగా, ముందు కాస్త బరువు కడితే పోదా అని. గార్త్ వాళ్ళతో వాదించడు. తల మెల్లిగా తిప్పి వాళ్ళ వైపు ఎడమ చెవి పెడతాడు.